హామీ సంతకం

పోయిన వారం రాత్రి పదిన్నరకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఏడాది క్రితం ఒక వెబ్ న్యూస్ చానెల్లో రిపోర్టరుగా చేరాడు వాడు. గొంతులో మంచి హుషారు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే ఆడవాళ్ల జీతాల్లోంచి కాంట్రాక్టరు మనుషులు నెలనెలా కొంత మింగేస్తున్నారట. ఏటీఎం కార్డులు కూడా వాళ్ల దగ్గరే అట్టిపెట్టుకున్నారట. అందులో ఒకావిడ ధైర్యం చేసి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపింది.

"సూపర్ స్టోరీ మావయ్యా!"

నిజంగానే మంచి స్టోరీ. "డెస్కు ఏమంది?" అనడిగాను.

"కన్ఫర్మ్ చేసుకోవాలి, ఆధారం కావాలన్నారు. ఆడియో గ్రూపులో పెట్టేశా."

"ఏ గ్రూపురా?"

"మా జిల్లా గ్రూపే మావయ్యా. అందరూ మనవాళ్లే."

ఆ 'మనవాళ్లే' అన్న మాటతో నాకు నిద్ర ఎగిరిపోయింది. వాడిని తిట్టలేదు. ఈ విషయంలో ఎవరినీ తిట్టే అర్హత నాకు లేదు.

2003లో నేను గోదావరి జిల్లాల్లో ఒక మండలానికి కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిచ్చేవాళ్లు, అవీ మూడు నెలలకోసారి. వార్తలు తెల్లకాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం ఐదున్నర బస్సు డ్రైవరు చేతికిస్తే, అవతల బస్టాండులో ఆఫీసు కుర్రాడు తీసుకునేవాడు. మా ఊరి పక్కనే రేషను బియ్యం గోదాము. అక్కడ కాటా దగ్గర కూర్చునే గుమస్తా, యాభై దాటిన మనిషి, టీకొట్టు దగ్గర నాలుగైదు రోజులు నన్ను ఎగాదిగా చూసి, ఒకరోజు పక్కకు పిలిచాడు. "విలేకరిగారూ, యాభై కిలోల బస్తాలో నలభై ఏడే పోతున్నాయి. మిగతావి ఎటు పోతున్నాయో మీరు కనుక్కోండి. నా పేరు మాత్రం బయటకి రాకూడదు."

సరేనన్నాను. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఇంకో మాట ఆలోచించకుండా అన్న 'సరే' అది.

వారం రోజులు తిరిగాను. ముగ్గురు డీలర్లను కలిశాను. ఇద్దరు నోరు విప్పలేదు. మూడో ఆయన తలుపు దగ్గరగా వేసి ఒక బస్తా కాటా వేసి చూపించాడు, నలభై ఏడున్నర. అయినా డెస్కులో ఆధారం ఏదన్నారు. అడగాలి కూడా. ఆ సంగతి గుమస్తాతో చెబితే, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన తూకం చీటీ తీసిచ్చాడు. బీడీ వాసన కొడుతోంది. అంకెలన్నీ ఆయన చేత్తో వేసినవే. వాటిని నా కాగితం మీదకు ఎక్కించుకుని చీటీ తిరిగిచ్చేస్తే సరిపోయేది. నేను దాన్ని కవర్లో పెట్టి బస్సెక్కించాను.

మూడో రోజు జిల్లా పేజీలో, మడత పైన, అంటే పేజీ పైసగంలోనే వచ్చింది వార్త. ఆయన పేరు లేదు. రెండు కాలాల వెడల్పున చీటీ ఫొటో మాత్రం ఉంది. ఆయన ఏడు అంకె వేస్తే దాని నడుం మీద అడ్డగీత పెట్టేవాడు. ఆ గోదాములో అలా రాసేది ఆయనొక్కడే.

పొద్దున్న తొమ్మిదికల్లా ఆయన పని పోయింది. ఎంక్వైరీ వచ్చింది, ఎవరికో మెమో ఇచ్చారు, రెండు నెలలు బస్తాలు నిండుగా వచ్చాయి. నెల తర్వాత మొహం చెల్లక చెల్లక ఆయన ఇంటికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. మంచినీళ్లిచ్చి, "చీటీ పడబట్టే కదండీ, మీరు అబద్ధం రాశారని ఎవడూ అనలేకపోయాడు" అన్నాడు. ఓదార్చాడో, దెప్పాడో ఇరవై ఏళ్లు దాటినా తేల్చుకోలేకపోతున్నాను.

జర్నలిజం పాఠాల్లో ఈ రెండూ వేరువేరు సూత్రాలుగా ఉంటాయి. నిజం రాయాలి అనేది ఒకటి, సమాచారం ఇచ్చినవాణ్ని కాపాడాలి అనేది ఇంకొకటి. పనిలోకి దిగితే ఇవి తోడికోడళ్లలా ఒకే వంటింట్లో తగవులాడుకుంటాయి. నిజమని చూపించడానికి ఏదో ఒకటి బయటపెట్టాలి. బయటపెట్టిన ప్రతిదాని మీదా ఎవరిదో ఒకరి వేలిముద్ర ఉంటుంది.

ఇది పల్లెటూరి కంట్రిబ్యూటరు చేసే తప్పే అనుకునేవాణ్ని. 2017 జూన్‌లో అమెరికాలో జరిగింది చదివాక ఆ భ్రమ పోయింది. అక్కడి గూఢచార సంస్థకు కాంట్రాక్టు ఉద్యోగం చేసే రియాలిటీ విన్నర్ అనే పాతికేళ్ల యువతి ఒక రహస్య పత్రాన్ని 'ది ఇంటర్‌సెప్ట్' అనే వార్తాసంస్థకు పోస్టులో పంపింది. 2016 ఎన్నికల వ్యవస్థలోకి చొరబడటానికి రష్యా సైనిక గూఢచారులు చేసిన ప్రయత్నాల గురించిన పత్రం అది. విలేకరులు చేయాల్సిన పనే చేశారు, నిజమో కాదో కనుక్కోబోయారు. దానికోసం పత్రం కాపీనే ప్రభుత్వానికి చూపించారు. అందులో మడత గుర్తులున్నాయి, అంటే ఎవరో ప్రింటు తీసి బయటకు పట్టుకెళ్లారు. ఎంతమంది ప్రింటు తీశారని చూస్తే ఆరుగురు. ఆ ఆరుగురిలో ఆఫీసు కంప్యూటరు నుంచి అదే వార్తాసంస్థకు ఒకప్పుడు ఈమెయిల్ రాసింది ఈ అమ్మాయి ఒక్కతే. వార్త వెలువడటానికి రెండు రోజుల ముందే అరెస్టు చేశారు. ఆపైన వెబ్‌సైటులో పెట్టిన కాపీలో ప్రింటరు వదిలే పసుపు చుక్కలున్నాయనీ, వాటిలో ప్రింటు తీసిన తేదీ, సమయం దాగి ఉన్నాయనీ నిపుణులు చూపించారు. 63 నెలల జైలు పడింది. ఆమె వైపూ పొరపాట్లున్నాయి, కాదనను. కానీ తాము పాటించాల్సిన ప్రమాణాలు పాటించలేదని ఆ సంస్థ సంపాదకురాలే తర్వాత ఒప్పుకున్నారు. ఆ మడతల సంగతి చదువుతుంటే నాకు బీడీ వాసన వచ్చింది.

ఇంకో సంగతి. మనం 'పత్రికా స్వేచ్ఛ' అన్నప్పుడు కళ్లముందు విలేకరే కనిపిస్తాడు. దెబ్బ మాత్రం ముందు పడేది వెనకున్నవాడికి. 2019 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్ జిల్లాలో పవన్ జైస్వాల్ అనే విలేకరి, బడిపిల్లలు మధ్యాహ్న భోజనంలో రొట్టె, ఉప్పు తింటున్న వీడియో తీశాడు. దేశమంతా చూసింది. అధికారులు ఆయన మీద కుట్ర కేసు పెట్టారు. పత్రికవాడు ఫొటో తీయాలిగానీ వీడియో ఎందుకు తీశాడని సాక్షాత్తూ జిల్లా కలెక్టరే అడిగాడు. నవ్వొస్తుంది, కానీ నిజంగా అడిగాడు. సంపాదకుల సంఘం ఎడిటర్స్ గిల్డ్ ఖండించింది, ప్రెస్ కౌన్సిల్ కలగజేసుకుంది, డిసెంబరు నాటికి పోలీసులు ఆయన పేరు తీసేశారు. బావుంది. మరి బడిలో పరిస్థితి ఇదీ అని కబురు చేసిన ఊరి మనిషో? అతన్ని అరెస్టు చేశారు. అతని కోసం ఏ గిల్డూ లేదు.

విలేకరికి యూనియన్ ఉంది, అక్రిడిటేషన్ కార్డు ఉంది, తహసీల్దారు కూడా 'కూర్చోండి' అంటాడు. గుమస్తాకి ఉన్నది ఒక్కటే, విలేకరి ఇచ్చిన మాట.

అలాగని పేరు దాచడం గొప్ప వ్రతమేమీ కాదు. మన తెలుగు పత్రికల్లో ఎన్ని రకాల ముసుగులున్నాయో చూడండి. 'విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది', 'రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ', 'అని పరిశీలకులు అంటున్నారు'. నాకు బాగా ఇష్టమైనది 'అని భోగట్టా'. ఎన్నోసార్లు ఆ రాజకీయ వర్గాలంటే నేనూ, పక్క పత్రిక కంట్రిబ్యూటరూ, టీకొట్టు ఓనరూ. ముగ్గురం కలిసి ఒక ఎమ్మెల్యేని పార్టీ మార్పించేసిన రోజులున్నాయి.

పేరు దాచి వార్త రాయడమంటే ప్రోనోటు మీద హామీ సంతకం పెట్టడం. అప్పు తీసుకునేవాడు పాఠకుడికి కనిపించడు. విలేకరి మొహం చూసి నమ్మకాన్ని అప్పిస్తాడు. అవతలివాడు ఎగ్గొడితే కట్టాల్సింది సంతకం పెట్టినవాడే. కాబట్టి ఆ సంతకం పెట్టేముందు అవతలివాడి సంగతి కూలంకషంగా తెలుసుకోవాలి. తెలుసుకోకుండా పెట్టేవాళ్ల వల్ల ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోనే, ఒకే పత్రికలో, ఒకే సంపాదకుడి కింద జరిగిన రెండు కథలున్నాయి.

మొదటిది అందరికీ తెలిసిందే. వాషింగ్టన్ పోస్ట్‌లో బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మెడకు చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణం బయటపెట్టారు. వాళ్లకు గుట్టుగా సమాచారం అందించిన, 'డీప్ త్రోట్' అని పిలుచుకున్న మనిషి ఎవరో సంపాదకుడు బెన్ బ్రాడ్లీకి కూడా నిక్సన్ రాజీనామా చేసేదాకా తెలియదు. ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో పనిచేసిన మార్క్ ఫెల్ట్ 2005లో, తొంభయ్యో పడిలో, 'ఆయన్ని నేనే' అని బయటపడేదాకా వాళ్లు నోరు మెదపలేదు. చాలామంది మరిచిపోయే విషయం, ఆయన మాటనే వాళ్లు వార్తగా రాసేయలేదు. వేరేచోట్ల దొరికినదాన్ని ఆయన దగ్గర సరిచూసుకునేవాళ్లు, ఆయన చెప్పిన దారిలో వెళ్లి వేరేవాళ్లతో చెప్పించేవాళ్లు. అందుకే ఆయన్ని దాచగలిగారు. వార్త ఆయన ఒక్కడి భుజాల మీద నిలబడి లేదు.

రెండోది 1980 సెప్టెంబరు. అదే పత్రికలో జానెట్ కుక్ అనే విలేకరి, హెరాయిన్‌కు బానిసైన ఎనిమిదేళ్ల పిల్లాడి గురించి గుండె కరిగేలా రాసింది. మత్తుమందులు అమ్మేవాడు చంపుతానన్నాడు కాబట్టి పేర్లు చెప్పలేనంది. పైవాళ్లు సరేనన్నారు. ఆ పైవాళ్లలో నగర వార్తలు చూసే వుడ్‌వర్డ్ కూడా ఉన్నాడు. పిల్లాడి కోసం పోలీసులు నగరమంతా గాలించారు. 1981 ఏప్రిల్‌లో అక్కడి పత్రికారంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. ఆమె చదువుల గురించి చెప్పిన అబద్ధాలు బయటపడటంతో తీగ లాగితే డొంకంతా కదిలింది. అలాంటి పిల్లాడే లేడు. రెండు రోజుల్లో పులిట్జర్ వెనక్కిచ్చేశారు. ఒకప్పుడు నిజాన్ని కాపాడిన రహస్యమే ఈసారి అబద్ధానికి కాపలా కాసింది.

ఇంకా చిక్కైనది జుడిత్ మిల్లర్ సంగతి. న్యూయార్క్ టైమ్స్ విలేకరి. తన సోర్సు పేరు, అంటే సమాచారం ఇచ్చిన మనిషి పేరు, చెప్పనన్నందుకు 2005లో 85 రోజులు జైల్లో ఉంది. సాహసమే. కానీ ఆ సోర్సు ఎవరు? అమెరికా ఉపాధ్యక్షుడి చీఫ్ ఆఫ్ స్టాఫ్ లూయిస్ లిబ్బీ. లోపలి తప్పును బయటపెట్టిన పేద గుమస్తా కాదు. ఇరాక్ యుద్ధానికి చెప్పిన కారణాలను ప్రశ్నించిన ఒక మాజీ రాయబారి భార్య సీఐఏ ఉద్యోగిని అన్న గుట్టు అధికార వర్గాల నుంచి విలేకరుల చెవిన పడింది. దాని మీద జరిగిన విచారణ అది. ఇరాక్ దగ్గర మారణాయుధాలున్నాయంటూ అంతకుముందు ఆ పత్రికలో వచ్చిన వార్తల్లో చాలావాటి మీద మిల్లర్ పేరుంది. ఆ వార్తలను తగినంత గట్టిగా సరిచూడలేదని పత్రిక 2004 మేలో ఒప్పుకుంది. ఆమెను జైల్లో పెట్టడం తప్పనే అంటాను. కానీ నాకు మొక్కబుద్ధి కాదు.

మన దేశానికొస్తే, నా దృష్టిలో ఈ పనికి నిలువెత్తు ఉదాహరణ బోఫోర్స్. 1987 ఏప్రిల్‌లో మన సైన్యానికి ఫిరంగులు అమ్మడానికి స్వీడన్ కంపెనీ బోఫోర్స్ ఇచ్చిన ముడుపుల సంగతి స్వీడన్ రేడియో బయటపెట్టింది. ఆ తర్వాత చిత్రా సుబ్రమణ్యం, ఎన్. రామ్ హిందూ పత్రికలో పత్రాలతో సహా వార్తలు రాశారు. ఆ పత్రాలు ఎవరిచ్చారు? ఇరవై ఐదేళ్లు ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వాలు మారాయి, సీబీఐ వచ్చింది, పార్లమెంటరీ కమిటీ వచ్చింది, చెప్పలేదు. 2012 ఏప్రిల్‌లో స్టెన్ లిండ్‌స్ట్రామ్ అనే రిటైరైన పోలీసు అధికారి, స్వీడన్‌లో ఆ కేసు దర్యాప్తు నడిపించిన మనిషి, తనంతట తానే చిత్రకు ఇచ్చిన ఇంటర్వ్యూలో 'నేనే' అన్నాడు.

ఆ ఇంటర్వ్యూలో ఇంకో మాట కూడా చెప్పాడు. బచ్చన్ కుటుంబానికి ఈ ముడుపులతో సంబంధం ఉన్నట్టు ఒక స్వీడిష్ పత్రికలో వచ్చిన వార్త, భారతీయ దర్యాప్తు అధికారులు కావాలని చేరవేసినదేనని. చూడండి విచిత్రం. ఒకే కేసు. ఒక సోర్సు నిజమైన పత్రాలిచ్చి పాతికేళ్లు నీడలో ఉండిపోయాడు. ఇంకొక సోర్సు అబద్ధం చేరవేసి హాయిగా అదే నీడలో కూర్చున్నాడు. నీడకి తేడా తెలియదు. తెలుసుకోవాల్సింది విలేకరే.

స్వీడన్ గురించి ఒక చిన్న పక్కమాట. అక్కడి రాజ్యాంగంలో భాగమైన పత్రికా స్వేచ్ఛ చట్టం ప్రకారం, పేరు వద్దన్న మనిషి పేరు విలేకరి బయటపెడితే అది నేరం. ఆ పేరు కోసం కూపీ లాగకూడదని ప్రభుత్వ కార్యాలయాల మీద కూడా నిషేధం ఉంది. ఈ లెక్కన 2003లో నేను అక్కడుంటే కోర్టు మెట్లెక్కి ఉండేవాణ్నేమో.

మన దగ్గర లెక్క తిరగబడి ఉంది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్టులో 125వ సెక్షన్ ఉండేది. నేరం గురించి కబురు ఎవరు చెప్పారో చెప్పి తీరాలని పోలీసు అధికారిని బలవంతపెట్టకూడదు అంటుంది. వకీలుకి క్లయింటు చెప్పింది రహస్యం. మొగుడూపెళ్లాల మాటలు రహస్యం. విలేకరికి మాత్రం ఏమీ లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15వ సెక్షన్‌లో, సోర్సు చెప్పమని విలేకరిని బలవంతపెట్టకూడదని ఉంది కానీ అది కౌన్సిల్ విచారణ వరకే. కౌన్సిల్ గడప దాటి కోర్టు గడప ఎక్కితే పనికిరాదు. 1983లో లా కమిషన్ తన 93వ నివేదిక మొత్తం ఈ ఒక్క విషయం మీదే రాసి, ఎవిడెన్స్ యాక్టులో 132ఎ అని కొత్త సెక్షన్ పెట్టండని సిఫారసు చేసింది. నలభై ఏళ్లు గడిచాయి. 2024 జూలై 1 నుంచి ఆ పాత చట్టమే పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పోలీసుల రక్షణ కొత్త నంబరుతో భద్రంగా వచ్చింది. విలేకరి సెక్షన్ రాలేదు. పోలీసుకుంటే ఇన్‌ఫార్మర్, విలేకరికుంటే కుట్రదారు.

కోర్టుల్లో మంచి మాటలు లేకపోలేదు. 2021 అక్టోబరు 27న ఫోన్లలోకి గుట్టుగా చొరబడే పెగసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, సోర్సులకు రక్షణ లేకపోతే ప్రజలకు తెలియాల్సినవి చెప్పడానికి జనం భయపడతారని రాసింది. వకీలు కాకముందు ఆయన తెలుగు పత్రికలో విలేకరిగా పనిచేసిన మనిషి. ఆ వాక్యాల్లో ఆ అనుభవం ఉందని నాకనిపిస్తుంది, అది నా ఊహే. పదిహేను నెలలు తిరక్కుండానే, 2023 జనవరిలో, ఢిల్లీలోని ఒక కోర్టు అసలు విషయం గుర్తుచేసింది. సోర్సు చెప్పకుండా ఉండటానికి మన దేశంలో విలేకరులకు చట్టపరమైన మినహాయింపేదీ లేదని.

ఆ ఢిల్లీ కేసు దగ్గర నా వాదన కూడా కాస్త తడబడుతుంది. దాచడం దేనికి? 2009లో ఒక రాజకీయ నాయకుడి ఆస్తుల కేసు సుప్రీంకోర్టులో విచారణకు రావడానికి ఒక్కరోజు ముందు, సీబీఐ పేరుతో తయారైన నకిలీ పత్రాల ఆధారంగా వార్తలొచ్చాయి. ఎవరిచ్చారో విలేకరులు చెప్పనన్నారు కాబట్టి ముందుకెళ్లలేమని సీబీఐ కేసు మూసేయబోయింది, కోర్టు ఒప్పుకోలేదు. నకిలీ కాగితం చేతిలో పెట్టినవాడికి కూడా మాట నిలబెట్టుకోవాలా? కావాలనే మోసం చేశాడని తేలితే ఆ మాట వాడే చింపేశాడని నా అభిప్రాయం. పోలీసులకు పేరు చెప్పే ముందు వంద సార్లు ఆలోచిస్తాను. పాఠకులకు మాత్రం 'మేం రాసింది అబద్ధం, మమ్మల్ని ఇలా మోసం చేశారు' అని ఆ వార్త వచ్చిన చోటే, అంత పెద్ద అక్షరాలతోనే చెప్పాలి. మన పత్రికల్లో సవరణలు ఎక్కడ వేస్తారో తెలుసుగా? పెళ్లి సంబంధాల ప్రకటనల పక్కన.

చట్టం రావాలి, అనుమానం లేదు. కానీ ఇప్పుడు సోర్సుని పట్టుకోవడానికి విలేకరిని బోనెక్కించాల్సిన పని కూడా లేదు, ఫోన్ లాక్కుంటే చాలు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, విలేకరుల ఫోన్లలో వాళ్ల సోర్సుల వివరాలుంటాయి, స్వాధీనం చేసుకోవడానికి నియమాలుండాలని కేంద్రానికి చెప్పింది. మా రోజుల్లో రహస్యం చొక్కా జేబులో ఉండేది. ఇప్పుడు అది క్లౌడులో, బ్యాకప్పులో, జిల్లా గ్రూపులో ఉంటోంది.

ఆ రాత్రి మా వాడికి చెప్పింది ఇంతే. ఆవిడ గొంతు పక్కన పెట్టు. మిగతా ఆడవాళ్ల బ్యాంకు పాసుపుస్తకాలు అడుగు. కార్డులన్నీ ఒకడి దగ్గరే ఉంటే, జీతం పడ్డరోజే, ఒకే ఏటీఎంలో, వరసగా డబ్బులు తీసిన ఎంట్రీలుంటాయి. పదిమందివి దొరికితే అది ఆవిడ ఫిర్యాదు కాదు, లెక్క. కాంట్రాక్టరు పదిమందిలో ఎవరిని అనుమానిస్తాడు? ఒక్కరి మాట మీద నిలబెట్టిన వార్త ఆ ఒక్కరినే పట్టిస్తుంది. ఆ వారంలో నేను ఇంకో ఇద్దరు డీలర్ల చేత బస్తాలు కాటా వేయించి ఉంటే, ఏడు మీద అడ్డగీత ఎవరికీ కనబడేది కాదు. నాకు ఓపిక లేక కాదు, ఐదున్నర బస్సు వెళ్లిపోతుందని.

వాడు విన్నాడు. నాలుగు రోజులు తిరిగాడు. ఏడుగురి పాసుపుస్తకాలు దొరికాయి. నిన్న స్టోరీ వచ్చింది, పేరూ లేదు, గొంతూ లేదు. గట్టిగా రాశాడు. ఫోన్ చేసి మెచ్చుకున్నాను.

"గ్రూపులో ఆడియో తీసేశావా?"

"ఆ రాత్రే తీసేశా మావయ్యా. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టా."

"అప్పటికి ఎంతమంది విన్నారు?"

కాసేపు మాట్లాడలేదు.

"పదకొండు మంది."